నువ్వడిగిన పేర్లు

రాజుపాలెం,
గురువారం.

చిరంజీవి యశస్వినికి మీ అమ్మ దీవించి రాసేది,

ఇక్కడ మేమంతా క్షేమం. ఉత్తరమన్నాక అలాగే మొదలుపెట్టాలి కాబట్టి రాశాను, అది ఎంతవరకు నిజమో కిందకు వచ్చేసరికి నీకే తెలుస్తుంది. నువ్వు వేళకు తింటున్నావనీ, పరేడులో ఎండకు కళ్ళు తిరిగి పడిపోవడం లేదనీ అనుకుంటున్నాను. కిందటి ఉత్తరంలో పాదాలు బొబ్బలెక్కాయని రాశావు. కొబ్బరినూనె రాసి మేజోళ్ళు వేసుకో, సిగ్గుపడకు.

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. మీ ట్రైనింగు కాలేజీలో ఉత్తరాలు విప్పి చూస్తారో లేదో నాకు తెలియదు. చూశారంటే మన కొంప మునిగినట్టే. నీ గదిలో ఉండే ఫరా వాళ్ళమ్మ ఫాతిమాగారు ఆదివారం పిల్లను చూడడానికి వస్తున్నారట. రేపు పిడుగురాళ్ళ వెళ్ళి ఆవిడ చేతికే ఇస్తాను. గోంగూర పచ్చడి కూడా ఇస్తున్నాను, గదిలో అందరూ దానిమీద పడేలోపు నువ్వు పక్కకు వెళ్ళి ఇది చదువుకో. చదివాక చింపెయ్.

ఫోనులో చెప్పొచ్చుగా అంటావు. ఆదివారం నీ వంతు వచ్చినప్పుడు వెనక నిలబడ్డ పిల్లలు అయిందా అయిందా అని తొందరపెట్టడం నాకు ఇక్కడికి వినపడుతూనే ఉంటుంది. పైగా అది పోలీసు కాలేజీ ఫోను. దాంట్లో ఈ మాటలు మాట్లాడే ధైర్యం నాకు లేదు. మొన్న ఆదివారం నవ్వుతూ మాట్లాడానే, ఆ నవ్వంతా ఉత్తుత్తిదే.

నువ్వడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను, లేకపోతే అడిగింది చెప్పవని దెప్పుతావు. మిరపకాయ రెండో కోత అయిపోయింది. రంగు పోయిన తాలుకాయ ఎక్కువగానే వచ్చింది. కల్లంలో ఎండబోశాం, మబ్బు కనపడితే చాలు మీ నాన్న పట్టాలు పట్టుకుని పరుగు. ఆ పరుగుకు మోకాలు తగ్గుతుందా? తగ్గలేదు. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే కోతలయ్యాక చూద్దాంలే అంటాడు. ఏటా ఆ మాటే. ఎర్రావు దూడను వేసింది, పెయ్యదూడ. నువ్వు వచ్చేదాకా పేరు పెట్టొద్దన్నావని పెట్టలేదు.

నా రాత వంకరటింకరగా ఉంటోంది, ఏమైందమ్మా అని అడిగావు. కళ్ళజోడు పాతబడింది.

హన్నమ్మత్త కోతల్లో ఇంకా పాటలు పాడుతోందా అని అడిగావు. బాగానే ఉంది.

మీకు ఈ నెల మత్తుమందుల చట్టం చెబుతున్నారని ఎంత సంబరంగా రాశావో. ఎంత దొరికితే ఎన్నేళ్ళు, ఎంతలోపు అయితే ఎన్నాళ్ళు అని లెక్కలన్నీ రాశావు. కిందన మళ్ళీ గీత గీసి, "మన ఊళ్ళో ఇట్లాంటివి అమ్మేవాళ్ళు ఎవరైనా ఉంటే పేర్లు రాయమ్మా, ఎవరినీ వదలను" అని రాశావు. ఆ వాక్యం చదివి నేను ఉత్తరం బియ్యం డబ్బాలో దాచాను. మీ నాన్నకు కూడా చూపించలేదు. పేర్లు రాస్తాను, కానీ సంగతి మొదటినుంచీ చెప్పుకుంటూ వస్తేనే నీకు అర్థమవుతుంది.

కోతల కాలంలో మన దగ్గర కూలి మనిషి దొరకడం ఎంత కష్టమో నీకు తెలుసు. ఏ చేలో దిగాలో ముఠా ఆడవాళ్ళే తేల్చుకుంటారు. ఒకరు ఆటో పెడతామంటారు, ఒకరు రెండుపూటలా టీ అంటారు, ఒకరు సాయంత్రం బజ్జీలు తెప్పిస్తారు. నిరుటి నుంచి దీంట్లోకి బిళ్ళ వచ్చింది. పొద్దున సాలులోకి దిగేముందు ఒకటి, మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒకటి. పొద్దస్తమానం వంగి కోసినా నడుం ఉన్నట్టే తెలియదు, చేతుల మంటా తెలియదు. వేసుకున్నాక మనిషి హుషారుగా కబుర్లు చెబుతూ కోస్తుంది. ఫలానా వాళ్ళది బిళ్ళ ఇచ్చే చేను అని పేరొచ్చిందంటే ముఠా పిలవకుండానే వస్తుంది. మన చేనుకు ఆ పేరు వచ్చింది. నువ్వప్పుడు సెలక్షన్ల కోసం తెల్లారకముందే పరుగు ప్రాక్టీసుకు పోయేదానివి, ఇవేవీ నీ కంట పడలేదు.

బిళ్ళలు సెంటర్లో మెడికల్ షాపు త్రికోటేశ్వరరావు అన్నయ్య ఇచ్చేవాడు. చీటీ అడిగేవాడు కాదు. ఇవి వాడొచ్చా అన్నయ్యా అని ఒకసారి అడిగాను కూడా. ఒళ్ళు నొప్పుల బిళ్ళే చెల్లెమ్మా, ఊరంతా వాడుతున్నారు అన్నాడు. నేనూ నమ్మాను. కంపెనీ పేరూ తారీకూ అచ్చువేసి, వెండికాగితంలో మెరుస్తూ ఉండే బిళ్ళ మత్తుమందు ఎలా అవుతుంది? మత్తంటే మాకు తెలిసింది గంజాయి. అది పేటలో సందుల్లో తిరిగే పోకిరీలు తాగేది, మనలాంటి ఇళ్ళలోకి ఎందుకొస్తుంది అనుకున్నాను. టీతోపాటు పళ్ళెంలో పెట్టి నా చేత్తో నేనే పంచాను యశూ. పుణ్యం చేస్తున్నాననుకున్నాను, ముసలివాళ్ళకైతే అడగకుండానే ఇంకోటి చేతిలో పెట్టేదాన్ని.

ఇక హైస్కూల్లో మీటింగు ఫొటో పంపలేదని అలిగావు కదా. హెడ్‌మాస్టరుగారు ఇంటికొచ్చి మరీ పిలిచారు, పోలీసు పిల్లను కన్న తల్లివి, నువ్వే ముందు ప్రతిజ్ఞ చెప్పాలన్నారు. పట్టుచీర కట్టుకుని వెళ్ళాను. శాలువా కప్పారు. మైకు చేతికిచ్చి, మత్తు పదార్థాల జోలికి పోననీ, పోయేవాళ్ళను ఆపుతాననీ చెప్పించారు. పిల్లలంతా చేతులు చాపి నా వెనక చెప్పారు. నాకైతే ఒళ్ళు పులకరించింది. అయిపోయాక ఫొటో కోసం ఫ్లెక్సీ ముందు నిలబెట్టారు. వెనక్కి తిరిగి చూద్దును కదా, ఫ్లెక్సీ మీద గంజాయి ఆకు, సూది, పొడి పొట్లం, వాటి పక్కన మనం పంచే బిళ్ళల పట్టీ. అదే వెండికాగితం, అదే ఎర్ర గీత. ఫొటోలో నేను నవ్వుతూనే ఉన్నానట, చూసినవాళ్ళు చెప్పారు. నేను చూడలేకపోయాను, ఫోనులోంచి తీసేశాను.

ఆ తరవాత వారం తిరక్కముందే త్రికోటేశ్వరరావు అన్నయ్య షాపుకు సీలు వేశారు. జీపు ఎక్కించుకుని పోయారు. ఊరంతా రోడ్డు మీదే. మంచి పనయిందని అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను, పైకి.

అప్పటినుంచి కూలివాళ్ళుండే పల్లెలో జ్వరాలు మొదలయ్యాయి. ముందు ముఠా ఆడవాళ్ళు ఇద్దరు పనికి రాలేదు. తరవాత ఇల్లిల్లూ పడుకుంది. ముక్కు కారడం, ఆవులింతలు, చెమటలు, విరేచనాలు, కాళ్ళు ఒకచోట నిలవనివ్వకపోవడం. నిద్ర లేదు. చీటికీ మాటికీ ఇంట్లో కొట్లాటలు. పిల్లల అన్నం సంగతి పట్టించుకునే నాథుడు లేడు. దోమల జ్వరమేమోనని ఆరోగ్య కేంద్రం నుంచి వచ్చి రక్తాలు తీశారు, వీధుల్లో పొగ కొట్టారు. ఏ రక్తంలోనూ ఏమీ లేదు. వాళ్ళను ఏమనను, బిళ్ళ సంగతి వాళ్ళతో ఒక్కరూ నోరు విప్పి చెప్పలేదు. చెబితే పోలీసులు వస్తారని పల్లెలో భయం, మన వీధిలో అంతకంటే భయం. షాపు మూసినవాళ్ళు బిళ్ళ అలవాటైన మనుషులేమవుతారో అడగలేదు, అలవాటు చేసినవాళ్ళం మేం చెప్పలేదు. ఒక్కొక్కరి పేరు చెప్పి ఫలానా ఆమెకూ జ్వరమటే అని ఎవరన్నా అంటే, ఆమె చేతిలో నేను బిళ్ళ పెట్టిన రోజు గుర్తొచ్చేది.

హన్నమ్మ బాగానే ఉందని పైన రాశాను. అది అబద్ధం యశూ. నిన్ను చంకనేసుకుని చేనంతా తిప్పిన మనిషి గురించి నీకు అబద్ధం రాశాను.

సోమవారం మధ్యాహ్నం హన్నమ్మ మన పెరటి గుమ్మం దగ్గరికి వచ్చింది. మనిషి సగమైపోయింది. చీర చెమటకు తడిసి ఒంటికి అతుక్కుని ఉంది. నిలబడలేక గడపమీద కూలబడింది.

"ఎముకల్లో ఎవురో తవ్వుతున్నట్టుంది పార్వతమ్మా. నీ కాడ ఉంటయ్, నాకు తెలుసు. ఒక్కటియ్యి" అంది.

లేవన్నాను. నా మొహం చూసి నమ్మలేదు. కాళ్ళు పట్టుకుంది. సరిగ్గా అప్పుడే వీధిలో జీపు శబ్దం వినపడింది. అది మనింటికే వస్తోందనిపించింది. ఇంట్లో సోదా చేస్తే, పోలీసు ఉద్యోగానికి వెళ్ళిన పిల్ల ఇంట్లో పట్టీలు దొరికితే, ఆ మాట మీ కాలేజీ దాకా వస్తే. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. బీరువాలో చీరల అడుగున దాచిన మూట తీసుకొచ్చి అట్లాగే హన్నమ్మ ఒళ్ళో పడేశాను. ఒక్కటి అడిగిన మనిషికి మొత్తం ఇచ్చేశాను. అన్నీ పట్టుకుపో, ఎవరిచ్చారన్నా నా పేరెత్తబాకు అన్నాను. ఆమె కొంగులో కట్టుకుని దండం పెట్టి పోయింది. జీపు మన ఇల్లు దాటి ముందుకే పోయింది. ఆ పూట కడుపునిండా అన్నం తిన్నాను కూడా.

మంగళవారం పొద్దున హన్నమ్మ వాకిట్లో మంచం పక్కన పడి ఉంటే ఆమె మొగుడు ఏసురత్నం చూశాడు. నోట్లో నురగ. గోడవార పురుగుమందు డబ్బా ఉంది, మన చేలోదే, కడిగి నీళ్ళకు వాడుకుంటారు. ఇంకేం, హన్నమ్మ మందు తాగిందని ఊరంతా గుప్పుమంది. మొగుడు కొట్టి ఉంటాడన్నారు. ఆటోలో పేట పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. మీ నాన్నా నేనూ బండి మీద వెనకే వెళ్ళాం.

అక్కడ డాక్టరమ్మ కళ్ళు విప్పి టార్చి వేసి చూసింది. కంటిపాపలు గుండుసూది మొనంత అయ్యాయి. ఒళ్ళంతా చెమట. ఊపిరి ఆగి ఆగి వస్తోంది. మధ్యలో ఒకసారి ఫిట్సు వచ్చింది. పురుగుమందు తాగినవాళ్ళకూ కంటిపాపలు అలాగే అవుతాయట. మన పల్నాట్లో మిరప చేల నుంచి స్పృహలేని మనిషిని మోసుకొస్తే ఎవరికైనా ముందు తట్టేది అదే కదా. ఏ మందు తాగింది, డబ్బా తెచ్చారా అని అడిగింది. ఏసురత్నం డబ్బా చూపించాడు. కడుపు కడిగారు, పురుగుమందుకు విరుగుడు సూదులు మొదలుపెట్టారు. లోపలికీ బయటికీ పరుగెత్తే నర్సులను పట్టుకుని అడుగుతుంటే ఒక్కరూ బాగవుతోందని అనలేదు. సూది పడేకొద్దీ కుదురుకోవాలి, ఈమెకు ఎందుకు ఊపిరి ఇంకా తగ్గుతోందో అర్థం కావడం లేదని డాక్టరమ్మ ఇంకొకాయనతో అనడం విన్నాను.

నాకు అర్థమైంది. ఆ వరండాలో అర్థమైన మనిషిని నేనొక్కదాన్నే.

నీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. తలుపు అవతల హన్నమ్మ ఉంది. ఇవతల నేను ఉన్నాను. నేను నోరు తెరిస్తే ఆమె బతకొచ్చు, నీ బతుకు పోతుంది. ఇంట్లో మత్తుమందు కేసుంటే పిల్లను ట్రైనింగులోంచి వెనక్కి పంపేస్తారని మీ నాన్నతో ఎవరో అన్నారట. నిజమో కాదో తెలియదు, అయినా అది వింటేనే పైప్రాణాలు పైనే పోయాయి. నువ్వు రెండుసార్లు తప్పి, మూడోసారి ఎంత ఏడ్చి తెచ్చుకున్న ఉద్యోగమో నాకు తెలుసు. బల్లమీద కూర్చుని దేవుడా, నేను చెప్పకుండానే ఆమె లేచేట్టు చెయ్యి అని మొక్కుకున్నాను. అంత సిగ్గులేని మొక్కు నా జన్మలో మొక్కలేదు.

మీ నాన్న నా మొహంలో అంతా చదివేశాడు. పక్కన కూర్చుని, ఎవరికీ వినపడకుండా, "నోరు మూసుకుని కూర్చో పార్వతీ. చెప్పబాకు. పిల్ల ఉద్యోగం పోద్ది" అన్నాడు. నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆయన్ని తప్పు పట్టకు, ఆయనకూ నువ్వే కళ్ళముందున్నావు.

అంతలో ఏసురత్నాన్ని పోలీసులు పక్కకు పిలిచారు. ఏం చేశావురా దాన్ని, ఎందుకు తాగింది అని ఒకాయన గద్దిస్తున్నాడు. ఏసురత్నం ఏమీ చెయ్యలేదయ్యా, చెయ్యలేదయ్యా అంటూ గోడకు ఆనుకుని జారిపోయాడు. పాపం, ఆ మనిషి మన చేలో నీళ్ళు కట్టేటప్పుడు కప్పను కూడా తొక్కడు. ఏసురత్నం నా వైపు చూసి, "మీరన్నా చెప్పండమ్మా, నేనట్టాంటోణ్ణా" అన్నాడు.

మీ నాన్న చెయ్యి విదిలించుకుని లేచాను. తలుపు తోసుకుని లోపలికి పోయాను. చెప్పులు కూడా విడవలేదు, నర్సు అరుస్తూనే ఉంది.

"అది పురుగుమందు కాదు డాక్టరమ్మా. నొప్పి బిళ్ళలు. నేనే ఇచ్చా" అన్నాను.

డాక్టరమ్మ ఏ బిళ్ళలని అడిగింది. నా నడుముకున్న సంచిలోంచి పట్టీ తీసి చూపించాను. ఆమె ఒక్క చూపు చూసి, వేసే సూదులు ఆపించి ఇంకోటి తెమ్మని అరిచింది. గొంతులో గొట్టం వేసి మిషను పెట్టారు. నన్ను బయటికి నెట్టారు. మిగతాది నాకు తెలియదు.

నీ ప్రశ్న నాకు తెలుసు. చట్టం చదువుకున్నదానివి, వెంటనే పట్టుకుంటావు. మొత్తం మూట హన్నమ్మకిచ్చేశానన్నదానివి, నీ నడుం సంచిలో పట్టీ ఎక్కడిదమ్మా అంటావు. రెండో కోత అయిపోయాక కూడా బీరువాలో అంత మూట ఎందుకుందంటావు.

నా కోసం. నేనూ వేసుకుంటున్నాను యశూ. నిరుడు కోతల్లో వాళ్ళతోపాటే మొదలుపెట్టాను, నడుం నొప్పికి. కోతలయ్యాక మానేద్దామనుకున్నాను, ఒకరోజు మానితే లేవలేకపోయాను. వంట చెయ్యాలన్నా బిళ్ళ, పెళ్ళికి పోవాలన్నా బిళ్ళ. నువ్వు ట్రైనింగుకు బయలుదేరిన రోజు బస్సు దగ్గర నేను ఏడవలేదని, మా అమ్మకు ఎంత ధైర్యమో అని అందరితో చెప్పావు. ధైర్యం కాదమ్మా. స్కూల్లో ప్రతిజ్ఞ చెప్పిన రోజు కూడా వేసుకునే వెళ్ళాను. షాపు మూసేశాక లెక్క చూసుకుని సగం సగం వేసుకుంటూ వచ్చాను, అందుకే వణుకు. నా రాత వంకరగా ఉండడానికి కళ్ళజోడు కారణం కాదు. హన్నమ్మకు లేవని చెప్పింది కూడా పోలీసు భయంతో ఒక్కటే కాదు. నాకు ఉండవేమోనని. జీపు రాకపోయి ఉంటే ఆమెకు ఒక్కటి కూడా ఇచ్చేదాన్ని కాదేమో. మూట ఇచ్చేటప్పుడు కూడా ఒక పట్టీ లాగి దాచుకున్నాను. అంత భయంలోనూ దానికి మాత్రం చెయ్యి సరిగ్గానే పనిచేసింది.

సాయంత్రం డాక్టరమ్మ నన్ను తన గదికి పిలిచి కూర్చోబెట్టింది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. ఇవి నల్లమందు జాతి బిళ్ళలనీ, అలవాటు పడ్డ ఒళ్ళు ఒక్కసారిగా మానితే ఇలాగే తన్నుకుంటుందనీ, మానిన ఒళ్ళు మళ్ళీ గుప్పెడు మింగితే ఊపిరి ఆగుతుందనీ చెప్పింది. ఊరిలో జ్వరాల సంగతి చెబితే తల పట్టుకుంది. షాపు మూసిన రోజే ఆ వీధిలో ఒక డాక్టరును కూర్చోబెట్టి ఉంటే ఇంత జరిగేది కాదంది. నాకు కొద్దికొద్దిగా తగ్గించే మందు రాసింది, గుంటూరులో ఈ అలవాటు మాన్పించే వార్డులో చేరమంది. నాకు కేసు పెడతారా అని అడిగాను. వాడుకున్న మనిషి తనంతట తాను వైద్యానికి వస్తే చట్టం దయగానే చూస్తుందండీ అంది. మరి పంచినదానికి అని అడిగాను. ఆమె నా వైపు చూడకుండా, అది నేను చెప్పలేనమ్మా అంది. నీకు తెలుసు కదా, మీ పుస్తకంలో ఉండే ఉంటుంది. నాకు రాయొద్దు.

హన్నమ్మ నిన్న కళ్ళు తెరిచింది. గొట్టం ఇంకా తియ్యలేదు. మనుషుల్ని పోల్చుకోవడం లేదు. ఏసురత్నం నాతో మాట్లాడడం మానేశాడు, మానడమే న్యాయం. పల్లెలో మిగతా ఆడవాళ్ళను ఆసుపత్రికి తెమ్మని డాక్టరమ్మ మనిషిని పంపించింది, భయపడి సగం మంది తలుపులు వేసుకున్నారట. రేపు నువ్వు యూనిఫాం వేసుకుని ఏ ఊళ్ళోనైనా ఇట్లాంటి షాపు మూయించే రోజు వస్తుంది. మూయించు, వద్దనను. మూయించాక ఆ ఊళ్ళో జ్వరాలు వస్తాయి. అవి జ్వరాలు కావు. ఎవరో ఒకరికి చెప్పు.

నువ్వడిగిన పేర్లు ఇవి. త్రికోటేశ్వరరావు అన్నయ్యను ఎటూ పట్టుకుపోయారు. రెండో పేరు మీ అమ్మది.

ఇంకొకటి మిగిలింది. ఇది రాయడానికి పొద్దుటి నుంచి లేస్తున్నాను, కూర్చుంటున్నాను.

ఆసుపత్రిలో పోలీసు బల్ల ఒకటి ఉంది. డాక్టరమ్మ గదిలోంచి బయటికి రాగానే నన్ను అక్కడికి పిలిచారు. రాసుకుంటున్నది కానిస్టేబులు పిల్ల, నీ ఈడుదే ఉంటుంది. టోపీ బల్లమీద పెట్టింది. జుట్టు నీలాగే ముడి వేసి పిన్నులు గుచ్చుకుంది, ఒక పిన్ను ఊడి వేలాడుతోంది. కొత్తగా చేరినట్టుంది, ప్రతి మాటా పైకి చదువుకుంటూ రాస్తోంది. నా పేరు అడిగింది, చెప్పాను. భర్త పేరు, మస్తాన్‌రావు అన్నాను. ఊరు, వయసు, అన్నీ చెప్పాను. అప్పుడు ఆ పిల్ల, "పిల్లలు ఎంతమంది ఆంటీ?" అని అడిగింది.

"లేరు" అన్నాను.

ఆ పిల్ల రాయడం ఆపి తలెత్తింది. మొహంలో నిజంగా జాలి. "అయ్యో, ఒక్కరు కూడా లేరా?" అంది.

"ఒక్కరూ లేరమ్మా, నాకు పుట్టలేదు" అన్నాను. పక్కన మీ నాన్న ఉన్నాడు. ఆయన తల వంచుకున్నాడు, కాదనలేదు. ఆ పిల్ల లేచి వెళ్ళి నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చింది. తాగాను. సంతకం పెట్టాను.

అది ఎంత తెలివితక్కువ పనో నాకు తెలుసు. మన ఊళ్ళో ఎవరిని అడిగినా పోలీసు పిల్ల ఇల్లు ఇదేనని చూపిస్తారు. అబద్ధం చెప్పినందుకు ఇంకో కేసు అవుతుందేమో కూడా తెలియదు. నువ్వు మాత్రం సెలవు అడగకు, రాకు. నీ పేరు ఆ కాగితాల్లో ఉండకూడదు. ఎవరైనా అడిగితే నీ నోటికి ఏది వస్తే అది చెప్పు, నేను ఏమీ అనుకోను.

సోమవారం స్టేషనుకు రమ్మన్నారు. మళ్ళీ మొదటినుంచీ అడుగుతారట. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి రెండోసారి నోరు రాదేమోనని భయంగా ఉంది. వస్తుందేమోనని ఇంకా భయంగా ఉంది.

ఇట్లు,
కాగితం మీద ఏం రాయించినా నిన్ను కన్న,
అమ్మ,
శివపార్వతి.